ఒక సైటేషన్ ఎక్కువ

ఇన్‌స్పెక్టరు జేబులో అరెస్టు కాగితం సిద్ధంగా ఉంది. దాన్ని బయటికి తీయడానికి ఆయన పెట్టుకున్న గడువు గురువారం మధ్యాహ్నం రెండు గంటలు. ప్రూఫులమ్మ ఆ పరిశోధనా సంస్థ మెట్లెక్కేసరికి పదిన్నరయింది. ఆమె చేతిలో ఉన్నవల్లా మూడున్నర గంటల టైము, ఒక పెన్సిలు, మంగళవారం ఎవరు ఎన్నింటికి ఎక్కడున్నారో రాసుకున్న కాగితం ముక్క.

ఇరవై రెండేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది, ఆ తర్వాత ప్రైవేటు డిటెక్టివ్ అయిన మనిషి కాబట్టి ఆ పేరు అలా అతుక్కుపోయింది. ఎదుటివాళ్లు చెప్పినదాంట్లో తప్పు దొర్లితే ఆమె ఊరుకోలేదు. అదే ఆమె బలం. ఇంట్లోవాళ్లకి అదే తలనొప్పి. ఇన్‌స్పెక్టరు ఆమెకి స్వయానా చెల్లెలి మొగుడు. ఇంటికొస్తే వదినగారికి కుర్చీ వేసి మరీ మర్యాదలు చేస్తాడు, కేసులో ఎదురుపడితే మాత్రం పంటికింద రాయి తగిలినట్టు మొహం పెడతాడు.

చనిపోయిన మనిషిని సంస్థలో అందరూ పెద్దసారు అనేవారు. రసాయనశాస్త్రంలోనూ, కణాల శాస్త్రంలోనూ చెయ్యి తిరిగిన ప్రొఫెసరు. నూట ఎనభై పేపర్లు రాశాడు. వాటిల్లో పందొమ్మిదేళ్ల నాటి ఒక్క పేపరే ఆయన్ని పెద్దసారుని చేసింది. కాలేయం క్యాన్సరు కణాలను చంపే ఒక రసాయనం గురించి రాసిన పేపరది. ప్రపంచంలో ఎవరైనా తమ పేపరులో దాన్ని ప్రస్తావిస్తే దానికి ఒక సైటేషన్ పెరుగుతుంది. ఈ వృత్తిలో మనిషి ఎత్తు కొలిచేది ఆ సంఖ్యతోనే.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి, కింది అంతస్తులోని నైట్రోజన్ గదిలో ఆయన నేలమీద పడి ఉండగా టెక్నీషియన్ చూశాడు. ఒంటిమీద గాయం లేదు. ఊపిరాడక పోయాడని డాక్టరు తేల్చాడు. పోలీసుల మాటమీద నమ్మకం లేక పెద్దసారు అక్కగారు ప్రూఫులమ్మని పిలిపించారు. పోలీసులు అనుమానిస్తున్నది ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిని.

ఆ అమ్మాయి రెండో అంతస్తులో, కణాలు పెంచే ల్యాబులో ఉంది. చిన్న స్టూలు ఎక్కి పై అరలోంచి సీసాలు దించుతోంది. స్టూలు దిగితే ప్రూఫులమ్మ భుజం దాకా వచ్చింది, అంతే.

"రెండింటికి నన్ను తీసుకెళ్తారట కదా మేడమ్? ఈలోపు వీటికి ఆహారం మారుస్తున్నాను. నేను లేకపోతే ఎల్లుండికి చచ్చిపోతాయి," అంది. సీసాల్లో ఎర్రటి ద్రవం. దాంట్లో పెరిగేవి కంటికి కనపడని కణాలు.

"వాటి సంగతి సరే. నీ సంగతి చూసుకోవా?"

"నాకు మిగిలింది ఇవే కదండీ."

ప్రూఫులమ్మ పెన్సిలు తీసింది. "మంగళవారం పన్నెండూ అయిదుకి నీ కార్డుతో నైట్రోజన్ గది తలుపు తెరుచుకుంది. ఎందుకెళ్లావు?"

"గడ్డకట్టించిన కణాల సీసా ఒకటి లోపల పెట్టడానికి. పది నిమిషాల్లో వచ్చేశాను."

"వచ్చేసినట్టు రుజువు?"

"లేదండీ. లోపలికి వెళ్లడానికే కార్డు కావాలి. బయటికి రావడానికి హ్యాండిల్ తిప్పితే చాలు."

"తర్వాత?"

"పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా సెమినార్ గదిలో ఉన్నాను. వారం వారం అందరం కలిసి ఎవరో రాసిన కొత్త పేపరొకటి చదివి చర్చిస్తాం. పదిహేనుమంది ఉన్నారు. ఒంటిగంట తర్వాత మెట్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చుని భోంచేశాను."

"అక్కడ చూసినవాళ్లు?"

"ఎవరూ లేరు."

ప్రూఫులమ్మ ఆ టైములు రాసుకుని, అసలు ప్రశ్న అడిగింది. "అయిదేళ్ల నుంచి చేస్తున్నావు. ఒక్క పేపరు మీద కూడా నీ పేరు లేదటగా?"

అమ్మాయి సీసా మూత బిగిస్తూ ఆగింది. "లేదండీ. ఒక్క పేపరన్నా లేనిదే థీసిస్ తీసుకోరు. ఆ కోపంతో సారుని చంపానంటున్నారు. మొదటి నాలుగేళ్లూ ఏడ్చిన మాట నిజమే. నా చేతిలో సారు ప్రయోగం ఒక్కసారి కూడా ఫలించలేదు. నాకే చేతకాదనుకున్నాను. పోయిన నెలలో, పందొమ్మిదేళ్ల కింద దాచిన అసలు సీసా బయటికి తీసి పరీక్ష చేశాను."

"చేస్తే?"

"అవి కాలేయం కణాలే కావు మేడమ్. అప్పట్లో ల్యాబులో పెరుగుతున్న వేరే జాతి కణాలు ఒక్క చుక్క వీటిలో కలిసిపోయాయి. అవి కలుపు మొక్కల్లా పెరిగి అసలువాటిని మింగేశాయి. సీసా మీద చీటీ మాత్రం అలాగే ఉంది. పందొమ్మిదేళ్లుగా అందరూ ఆ చీటీనే నమ్మారు."

"పెద్దసారుకి చెప్పావా?"

"చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పిలిచి, 'పేపరు వెనక్కి తీసుకుంటున్నానమ్మా, ఈ తప్పు కనిపెట్టింది నువ్వని నీ పేరుతోనే రాద్దాం' అన్నారు. నా మొదటి పేపరు అదే అయ్యేది." ఆమె సీసాని పక్కన పెట్టింది. "ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. ఇన్‌స్పెక్టరుగారు అది కట్టుకథ అంటున్నారు."

*

ఇన్‌స్పెక్టరు నైట్రోజన్ గది తలుపుకి చేరగిలబడి ఉన్నాడు.

"రండి వదినగారూ. మీకు చూపించడానికేం మిగల్చలేదు మేం."

"మీరు చూడకుండా వదిలేసినవి చాలు మరిదిగారూ, నాకు."

గదికి కిటికీ లేదు. గోడవారగా నడుమెత్తు స్టీలు ట్యాంకులు ఆరు, వాటిల్లో కణాల సీసాలు గడ్డకట్టి ఉంటాయి. మూలన పెద్ద సిలిండరు, దానికొక కుళాయి. కుళాయి తెరిస్తే లిక్విడ్ నైట్రోజన్ ఆవిరై గది నిండుతుంది, ఉన్న గాలిని గెంటేస్తుంది. వాసన ఉండదు, దగ్గు రాదు. లోపలున్న మనిషి రెండు మూడు సార్లు ఊపిరి పీల్చి కుప్పకూలిపోతాడు. అందుకే తలుపు పైన గోడకి ఒక అలారం పెట్టారు. గాలి తగ్గితే అది గోల చేయాలి. మంగళవారం ఆ అలారం ప్లగ్గు పీకేసి ఉంది.

ప్రూఫులమ్మ మునివేళ్ల మీద నిలబడి చెయ్యి చాపింది. ప్లగ్గుకి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది.

"నాకే అందలేదు. ఆ పిల్ల నా భుజం దాకా ఉంటుంది. ఈ గదిలో ఎక్కడానికి స్టూలు లేదు."

"ల్యాబులో ఉందిగా. తెచ్చుకుని ఉంటుంది."

"రెండంతస్తులు, పట్టపగలు, జనం తిరిగే మెట్లమీద స్టూలు చంకన పెట్టుకుని దిగిందంటారు. చూసినవాళ్లు ఒక్కరూ లేరు."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "మీ ఎత్తు లెక్కలు తర్వాత. నా లెక్క వినండి. పదకొండూ పదికి ఆయన పేపరు వెనక్కి తీసుకుంటానని జర్నల్‌కి రాశాడు. పన్నెండూ ముప్ఫై ఒకటికి ఆయన కార్డుతో ఈ తలుపు తెరుచుకుంది. ఒంటిగంటా అయిదుకి తన గది కంప్యూటర్లోంచే ఇంకో మెయిలు పంపాడు, పేపరు ఉంచేయండి, తొందరపడ్డాను అని. అంటే ఒంటిగంటా అయిదుకి మనిషి బతికే ఉన్నాడు. మళ్లీ కిందికొచ్చాడు, చచ్చాడు. అప్పుడు ఏం చేశావంటే చెప్పుకోలేనిది ఆ అమ్మాయి ఒక్కతే."

"మళ్లీ కిందికొస్తే మళ్లీ కార్డు పెట్టాలిగా?"

"ఆ అమ్మాయి లోపలుండి తలుపు తీసింది."

"ఆ అమ్మాయి కార్డు పడింది పన్నెండూ అయిదుకి. మధ్యలో అరగంట సెమినార్‌లో ఉంది. ఒంటిగంట తర్వాత లోపలికి ఎలా వెళ్లింది, గోడలోంచా?"

ఇన్‌స్పెక్టరు తలుపు హ్యాండిల్ ఒకసారి తిప్పి చూశాడు. "తలుపుకి ఏదో అడ్డం పెట్టి వెళ్లుంటుంది. మీరు ప్రతిదానికీ కామా, ఫుల్‌స్టాపూ వెతుకుతారు వదినగారూ."

"అవి లేకపోతే వాక్యం నిలబడదు. ఆ రెండో మెయిలు నేను చూడాలి."

*

పెద్దసారు గది మూడో అంతస్తు. సెమినార్ గది సరిగ్గా దాని కిందే. గదిలో డిప్యూటీ డైరెక్టరు ఉన్నాడు. ఆరడుగుల పైన మనిషి, అందుకే ల్యాబులో వాళ్లు చాటుగా పొడుగాయన అంటారు. మంచి మర్యాదస్తుడు. ప్రూఫులమ్మకి తనే కుర్చీ లాగి వేశాడు.

"పెద్దసారు నాకు అన్నలాంటివారండీ. ఆ పందొమ్మిదేళ్ల నాటి పేపరు మేమిద్దరమే రాశాం."

"అయితే ఆయన దాన్ని వెనక్కి తీసుకుంటే మీకూ దెబ్బేగా?"

"దెబ్బే మరి. వచ్చే నెల డైరెక్టరు పదవికి ఇంటర్వ్యూ." దాచకుండా చెప్పాడు. "ఇలాంటి ఉత్తరం వెళ్తే జర్నల్ నుంచి రచయితలందరికీ దానంతటదే కబురొస్తుంది. పదకొండూ పదికి చూసి నా గుండె జారిపోయింది. ఒంటిగంటా అయిదుకి ఆయనే మనసు మార్చుకుని రెండో మెయిలు పెట్టారు. హమ్మయ్య అనుకుని, ఒంటిగంటా పదికి కమిటీ మీటింగుకి వెళ్లాను. ఎనిమిదిమంది ఉన్నారు."

"పన్నెండున్నర నుంచి ఒంటిగంటా పది దాకా?"

"నా గదిలో. ఒక్కణ్ణే. అది ఎవరూ అడగలేదు లెండి."

ఎవరూ అడగకపోవడానికి కారణం ఆ మెయిలే. ఇన్‌స్పెక్టరు వెంటే వచ్చి, దాన్ని పెద్దసారు కంప్యూటరు తెర మీదికి తెచ్చాడు. ప్రూఫులమ్మ అలవాటు కొద్దీ రెండుసార్లు చదివింది, రెండోసారి పెన్సిలుతో ఒక్కొక్క మాటా తడుతూ.

'ఈ పేపరును ఇప్పటిదాకా 3,846 పేపర్లు ఉదహరించాయి. ఇంతమంది నమ్మినదాన్ని తొందరపడి వెనక్కి తీసుకోలేను. నా మొదటి ఉత్తరం రద్దు చేయగలరు.'

ఆమె తల తిప్పి గోడవైపు చూసింది. తెల్లబోర్డు మీద, పెద్దసారు చేతిరాతలో, 'సోమవారం: 3,611' అని ఉంది.

"ఇదేమిటండీ?"

"అదా." పొడుగాయన చిరునవ్వు నవ్వాడు. "ఆ పేపరు సైటేషన్ల లెక్కే. ఆయనకదొక చాదస్తం. తన పేపర్లలో తను చెప్పుకున్నవన్నీ తీసేసి రాసేవారు. మనల్ని మనం మెచ్చుకున్నది లెక్కలోకి రాదనేవారు. నిజం అంకె మూడువేల ఎనిమిది వందల పైమాటే."

"ఎన్నేళ్ల నుంచి అలా రాస్తున్నారు?"

"నాకు తెలిసినప్పట్నుంచీ. ఉపన్యాసాల్లో కూడా అదే చెప్పేవారు."

ప్రూఫులమ్మ బల్లమీది ఫోను అందుకుని లైబ్రరీకి కలిపింది. లైబ్రేరియన్‌ది ఖంగుమనే గొంతు. ఆ గొంతు అవతలివైపు నుంచి చెబుతుంటే ఆమె అంకెలు రాసుకుంది. సోమవారానికి ఆ పేపరు మొత్తం సైటేషన్లు 3,845. వాటిల్లో సొంతవి 234. తీసేస్తే 3,611. పెద్దసారు లెక్కలో వీసమెత్తు తేడా లేదు.

"మంగళవారం కూడా 3,845 ఏనా?"

"అంతేనమ్మా. బుధవారం పొద్దున తొమ్మిదింటికి ఒకటి పెరిగింది. కొత్త పేపరొకటి వచ్చింది."

"ఎవరిది?"

"ఇంకెవరిది, మన డిప్యూటీ డైరెక్టరుగారిదే."

ఆమె ఫోను పెట్టేసింది. ఒళ్లంతా తేలికైపోయినట్టనిపించింది. ఆ సంతోషంలో లైబ్రేరియన్‌ని అడగాల్సిన మాట ఇంకొకటి మిగిలిపోయిందని ఆమెకి తోచలేదు.

"మరిదిగారూ, ఆ మెయిలు రాసింది పెద్దసారు కాదు," అంది కుండబద్దలు కొట్టినట్టు. "బతికున్నన్నాళ్లూ తన సైటేషన్లు తీసేసి చెప్పుకున్న మనిషి, చావబోయే ముందు కలిపి చెప్పుకోడు. ఆయన రాస్తే 3,611 అని రాసేవాడు."

ఇన్‌స్పెక్టరు బోర్డుకేసి, తెరకేసి మార్చి మార్చి చూశాడు.

"అంతే కాదు. మంగళవారం ప్రపంచంలో ఎవరు వెతికినా దొరికేది 3,845. మెయిల్లో ఒకటి ఎక్కువుంది. ఆ ఒక్కటీ మర్నాడు పొద్దున అచ్చయిన పేపరుది. అచ్చు కాకముందే దాన్ని లెక్కలో వేసుకోగలిగేది, అది రాసినవాళ్లే. అలవాటైపోయిన నోరు కదా, రాబోయేదాన్ని కూడా వచ్చినట్టే చెప్పేసింది." ఆమె పొడుగాయన వైపు తిరిగింది. "ఆ పేపరు మీదే. పెద్దసారు పన్నెండూ ముప్ఫై ఒకటికి లోపలికెళ్లి మళ్లీ బయటికి రాలేదు. మీరు మీటింగులో కూర్చునేటప్పటికే ఆయన పోయాడు. ఆయన కార్డుతో తెరుచుకున్న తలుపులోంచి ఇద్దరు వెళ్లచ్చు. ఆ ప్లగ్గు మీకు చెయ్యెత్తితే అందుతుంది."

పొడుగాయన మొహంలో రంగు మారలేదు. జేబురుమాలు తీసి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"చాలా బాగా పట్టుకున్నారు మేడమ్. మేం చదువుకున్నవాళ్లం కూడా ఇంత దూరం ఆలోచించలేదు," అన్నాడు. "అయితే ఆ పేపరు పూర్తి పేజీ చూశారా? లైబ్రరీలో ఎప్పుడూ చివరి పేరే చదువుతారు. పెద్దవాళ్ల పేరు చివర ఉంటుంది కాబట్టి."

ఆయనే కీబోర్డు దగ్గరికి వంగి పేజీ తెరిచాడు. రచయితలు ఇద్దరు. చివర డిప్యూటీ డైరెక్టరు పేరు. మొదట, అంటే పని అంతా చేసినవాళ్ల పేరు ఉండే చోట, ఆ అమ్మాయి పేరు.

ప్రూఫులమ్మ ఆ పేరు మూడుసార్లు చదివింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో సగం పేజీ చూసి సంతకం పెట్టిన పాపాన పోలేదు. ఇవాళ ఆ పని చేసింది. తనమీద తనకే అసహ్యం వేసింది.

"పాపం, అయిదేళ్లు కష్టపడింది కదా అని నేనే పేరు వేశాను. సోమవారం చెప్పాను కూడా," అన్నాడు పొడుగాయన మెత్తగా.

ఇన్‌స్పెక్టరు అప్పటికే వేళ్లమీద లెక్కపెడుతున్నాడు. "ఆగండి వదినగారూ, మీరు చెప్పిందే చెబుతాను. మెయిలు దొంగది. ఆయన పన్నెండూ ముప్ఫై ఒకటికి వెళ్లినవాడు వెళ్లినట్టే పోయాడు. మరి ఆయనకంటే ముందు ఆ గదిలోకి వెళ్లింది ఎవరు? పన్నెండూ అయిదుకి, ఆ అమ్మాయి. కుళాయి తెరిచి, అలారం పీకి, నింపాదిగా పదిహేనుమంది మధ్య కూర్చుంది. ఒంటిగంటకి సెమినార్ అయింది. ఈ గది దానికి సరిగ్గా పైన. అయిదు నిమిషాల్లో పైకొచ్చి, తెరిచే ఉన్న ఈ కంప్యూటర్లోంచి మెయిలు కొట్టింది. ఆ ఎక్కువ సైటేషన్ ఆవిడకీ తెలుసు, పేపరు ఆవిడదే కాబట్టి." ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "పొద్దుటిదాకా నా కేసులో తలుపు ఒకటి అడ్డొచ్చింది. మీరొచ్చి తీశారు."

"పేపరులో తప్పు పట్టింది ఆ పిల్లే. మళ్లీ ఉంచేయమని తనే ఎందుకు రాస్తుంది?"

"పట్టిందని చెప్పింది ఎవరు? ఆ పిల్లే. ఇంకెవరన్నా విన్నారా?"

"అలారం ఎలా అందుతుంది?"

"స్టూలు."

"పెద్దసారూ, ఈయనా ఒకే కార్డు మీద వెళ్లారని నేనంటున్నాను."

"వెళ్లచ్చు. వెళ్లినట్టు కాగితం ఉంటే ఇవ్వండి, ఇప్పుడే ఈయన్ని తీసుకుపోతాను."

కాగితం లేదు. ఉన్న కాగితాలన్నీ ఆ అమ్మాయివైపే చూపిస్తున్నాయి, అందులో సగం ప్రూఫులమ్మ రాసి ఇచ్చినవే. ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్‌ని కిందికి పంపాడు. గోడ గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది.

ఆ అమ్మాయి చేతులకి ఇంకా రబ్బరు తొడుగులతోనే వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, అందరి మొహాలూ చూసింది.

"ఇది గుర్తుపడతావామ్మా?" ఇన్‌స్పెక్టరు తెరని ఆమెవైపు తిప్పాడు.

ఆమె దగ్గరికొచ్చి వంగింది. పేపరు శీర్షిక చదివింది. కింద పేర్లు చదివింది. చదివి, మళ్లీ మొదటికొచ్చి, తెరమీద వేలు పెట్టి చూసింది. నోరు కొద్దిగా తెరుచుకుంది.

"ఇది నా పేరే. ముందున్నది," అంది. "ఎప్పుడొచ్చింది ఇది?"

"నీకు తెలియదూ?"

"తెలిస్తే..." ఆమె మాట పూర్తి చేయలేదు. మొహమంతా విప్పారిపోయింది. రాత్రుళ్లు నిద్రలేని కళ్లకింద చారలు, మూడు రోజుల భయం, అన్నీ ఒక్కసారి తుడిచేసినట్టయింది. అయిదేళ్లుగా ఎదురుచూసినది కళ్లెదుట ఉంది. అది ఏ గదిలో ఉందో, చుట్టూ ఎవరున్నారో కూడా ఆమె మరిచిపోయింది. పొడుగాయన కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు.

ప్రూఫులమ్మ ఆ మొహాన్నే చూస్తూ ఉండిపోయింది. సోమవారమే తెలిసిన మనిషి గురువారం అలా సంతోషపడదు. అలా నటించడం ఎవరి తరమూ కాదు. ఈ పిల్లకి ఏ పాపమూ తెలియదని ఆమెకిక అణువంత సందేహం లేదు. దాన్ని ఏ కోర్టులో ఎలా దాఖలు చేయాలో మాత్రం తెలియలేదు.

"సార్, దీన్ని ఒక్క ప్రింటు తీసుకోనా?" ఆ అమ్మాయి తొడుగులు విప్పుకుంటూ అడిగింది. "మా అమ్మకి చూపించాలి."

ఇన్‌స్పెక్టరు జేబులోంచి మడతపెట్టిన కాగితం బయటికి తీశాడు.

"రెండు తియ్యమ్మా," అన్నాడు. "ఒకటి నాక్కావాలి."